రాకెట్ వాయిదా పడిందని తిట్టుకోకండి

(నెల్లూరులో ఆకాశం చూసే సరదా ఉన్నవాళ్ళు ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సభలో మాట్లాడింది, రికార్డింగ్ విని రాసిన పాఠం)

వెనక వినపడతా ఉందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో నా మాట కన్నా గాలే ఎక్కువ వస్తా ఉంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

అందరికీ నమస్కారం. కాగితం మీద "అంతరిక్ష పరిశోధన చరిత్ర" అని పెద్ద మాట వేశారు, అంత చరిత్ర గంటలో చెప్పడం నా వల్ల కాదు, పైగా స్పుత్నిక్, గగారిన్, ఆర్మ్‌స్ట్రాంగ్ అని వరసగా అప్పజెప్తా పోతే మీకూ నిద్రొస్తుంది నాకూ నిద్రొస్తుంది. అందుకని ఒక్క విషయం పట్టుకుని మాట్లాడతా. వాయిదా. రాకెట్ వాయిదా పడడం. మన ఊళ్ళో ప్రయోగం ఉందంటే మిద్దె ఎక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు, అది వాయిదా పడిందనగానే "వీళ్ళెప్పుడూ ఇంతే" అని మెట్లు దిగిపోతారు. నేనేమంటానంటే అసలు కథ అక్కడే ఉంటుంది, ఎందుకు ఆగిందో తెలుసుకుంటే రాకెట్ ఎట్టా పనిచేస్తుందో సగం తెలిసిపోతుంది.

2019 జులై 15 గుర్తుందా? చంద్రయాన్-2. తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి పోవాలి. శ్రీహరికోటలో జనం కూర్చునేదానికి గ్యాలరీ ఆ ఏడే కొత్తగా తెరిచారు, అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని వేలమంది వచ్చి కూర్చున్నారు, రాష్ట్రపతి కోవింద్ గారు కూడా వచ్చున్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా గడియారం ఆగిపోయింది. టీవీలో నంబరు కదలట్లేదు, ఎవరూ ఏం చెప్పట్లేదు, కాసేపటికి "సాంకేతిక లోపం, ఇవాళ్టికి లేదు" అన్నారు. పై దశలో, అంటే క్రయోజెనిక్ దశలో, హీలియం గ్యాసు సీసా దగ్గర లీకు అని తర్వాత పేపర్లలో వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. అసలు హీలియంతో రాకెట్‌కి పనేంటి? బెలూన్లలో కదా పోసేది అంటారు. క్రయోజెనిక్ దశలో ద్రవ హైడ్రోజన్ ఉంటుంది, మైనస్ 253 డిగ్రీల చలి. ట్యాంకులో ఇంధనం ఖాళీ అవుతా ఉంటే పైన ఖాళీ పెరుగుతా పోతుంది, ఆ ఖాళీలో ఒత్తిడి పెట్టకపోతే ఇంధనం కిందికి సరిగా దిగదు, పంపులు అల్లాడిపోతాయి. ఆ ఒత్తిడి పెట్టేదానికి ఏదో ఒక గ్యాసు కావాలి, కానీ అంత చలిలో నైట్రోజన్ పెట్టామనుకోండి, గడ్డకట్టి కూర్చుంటుంది. హీలియం ఒక్కటే మైనస్ 269 దాకా గ్యాసుగానే ఉంటుంది, దేంతోనూ కలవదు, మండదు. మంచిదే, కాకపోతే దాని అణువు మరీ చిన్నది, ఎక్కడ వెంట్రుకవాసి సందు దొరికినా జారుకుంటుంది. 2024లో సునీతా విలియమ్స్ వెళ్ళిన స్టార్‌లైనర్ గొడవ చూశారు కదా, అక్కడా ఇదే, హీలియం లీకులు, దాంతోపాటు థ్రస్టర్లు, అంటే నౌకని అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్లు, మొరాయించడం, పది రోజులు అనుకుని పోయినామె తొమ్మిది నెలలు అంతరిక్ష కేంద్రంలోనే ఉండి వేరే వ్యోమనౌకలో 2025 మార్చిలో దిగింది.

సరే, ఈ హీలియం మొదట ఎక్కడ కనపడింది అనుకుంటున్నారు? మన గుంటూరులో. నవ్వకండి, నిజంగానే.

1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ మన కోస్తా మీదుగా పోయింది. దానికోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన ఓడెక్కి వచ్చాడు. ఆగస్టంటే వానాకాలం కదా, సముద్రం ఒడ్డున ఉంటే మబ్బు, కొండల దగ్గరుంటే ఇంకో మబ్బు, రెంటికీ మధ్యన ఉంటుందని లెక్కేసుకుని గుంటూరు ఎంచుకున్నాడు. అదే ఊళ్ళో బ్రిటిష్ సైన్యం తరఫున టెనెంట్ అనే ఆయన ఇంకో పరికరంతో కూర్చున్నాడు, అటు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాక అంచు చుట్టూ ఎర్రటి మంటలు లేస్తాయి, వాటి వెలుగుని పట్టకంలో వేసి రంగులుగా విడదీసి చూశారు. ఆ రంగుల్లో ఏ పదార్థానికి దాని గీతలు వేరేగా ఉంటాయి. హైడ్రోజన్ గీతలు కనపడ్డాయి, వాటితో పాటు పసుపుపచ్చ గీత ఒకటి. సోడియం అనుకున్నారు, ఎందుకంటే సోడియం గీతలు కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంటాయి.

జాన్సెన్ అసలు తెలివి ఎక్కడ చూపించాడంటే, ఆ గీతలు ఇంత గట్టిగా వెలుగుతున్నాయంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గుంటూరు ఎండలో మళ్ళీ పరికరం పెట్టి చూశాడు, కనపడ్డాయి. అప్పటిదాకా ఏళ్ళకేళ్ళు గ్రహణం కోసం కాచుకుని, ఆ నాలుగైదు నిమిషాల్లో మబ్బొస్తే నెత్తిన చెయ్యేసుకునే శాస్త్రానికి ఇక రోజూ పనే. రెండు నెలలకి ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన కూడా సొంతంగా ఇదే పద్ధతి కనిపెట్టి, ఆ పసుపు గీత సోడియంది కాదు, భూమ్మీద మనకి తెలిసిన దేనిదీ కాదు అన్నాడు. ఇద్దరి కబురూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరింది. భూమ్మీద హీలియాన్ని పట్టుకునేసరికి 1895 అయింది, రామ్సే అనే ఆయన యురేనియం ఉన్న ఒక రాయిలో పట్టుకున్నాడు. అంటే గుంటూరులో సూర్యుడిలో చూసిన పదార్థం, నూటయాభై ఏళ్ళ తర్వాత ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపు శ్రీహరికోటలో చంద్రుడి మీదికి పోయే రాకెట్‌ని ఆపేసింది. నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా సరదాగా ఉంటుంది.

మళ్ళీ చంద్రయాన్‌కి వద్దాం. వారానికి, జులై 22 మధ్యాహ్నం 2:43కి పోయింది. వారం ఆలస్యమైందే, మరి చంద్రుడి మీద దిగే రోజు కూడా వారం జరగాలి కదా? జరగలేదు, సెప్టెంబరు 7 దగ్గరే పెట్టుకున్నారు, మధ్యలో చంద్రుడి చుట్టూ తిరిగే రోజులు తగ్గించి సర్దారు. ఎందుకంత పట్టుదల? చంద్రుడి మీద పగలంటే మన లెక్కలో పధ్నాలుగు రోజులు. ల్యాండర్ బతికేది ఎండ మీద, సోలార్ ప్యానెళ్ళ మీద. దిగేచోట తెల్లారే టైముకి దిగితేనే పధ్నాలుగు రోజులు దక్కుతాయి, వారం లేటుగా దిగితే సగం పగలు పోయినట్టే. చంద్రయాన్-2 దిగడం తప్పిపోయింది, కానీ చంద్రయాన్-3కి కూడా లెక్క ఇదే. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04 అని మనం టీవీ ముందు కూర్చున్నాం కదా, మనకి సాయంత్రం, అక్కడ తెల్లారింది.

మంగళయాన్ వాయిదా ఇంకా విచిత్రం. 2013 అక్టోబరు 28న పోవాల్సింది నవంబరు 5కి పోయింది. రాకెట్‌లో లోపం లేదు, శ్రీహరికోటలో వాన కూడా కాదు. ఎక్కడో ఫిజీ దగ్గర ఓడ లేటు! ఆ ప్రయోగంలో మూడో దశ అయిపోయాక నాలుగో దశ వెంటనే వెలగదు, ఇరవై నిమిషాలకి పైగా ఊరికే తేలుతా పోయి పసిఫిక్ మీద వెలుగుతుంది, అది వెలిగిందో లేదో చూసే స్టేషను నేల మీద ఎక్కడా లేదు. అందుకని రెండు ఓడల మీద యాంటెనాలు పెట్టి పంపారు, నలంద, యమున అని. పసిఫిక్‌లో వాతావరణం బాగలేక నలంద టైముకి చేరలేదు. చేరకుండా పంపితే చీకట్లో పంపినట్టే. అట్టాగని ఎన్నాళ్ళైనా ఆగేదానికి లేదు, నవంబరు 19 దాటితే మళ్ళీ అంగారకుడు, భూమి ఆ వరసలోకి వచ్చేది ఇరవయ్యారు నెలలకి.

చిన్న వాయిదాలు కూడా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్, అంటే పైన రెండు ఉపగ్రహాల్ని ఒకదానికొకటి తగిలించే ప్రయోగం, రాత్రి 9:58 అనుకున్నది పదింటికి పంపారు. రెండు నిమిషాలు. పైన ట్రాఫిక్, అంతే, అదే దారిలో వేరే ఉపగ్రహాలు అడ్డం వస్తున్నాయి, అవి పోయేదాకా ఆగారు.

నాకు మాత్రం అన్నిట్లోకీ ఇష్టమైన వాయిదా 2023 అక్టోబరు 21ది. గగన్‌యాన్ కోసం (మన మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే పథకం అది) పరీక్ష రాకెట్‌తో చేసిన మొదటి ప్రయోగం, టీవీ-డీ1. రాకెట్ పేలిపోయే పరిస్థితొస్తే మనుషులున్న గదిని ఎట్టా లాగి బయట పడేస్తారో చూసే పరీక్ష. పొద్దున ఎనిమిదింటికి అన్నారు, వాతావరణం బాగలేదని 8:45కి జరిపారు, ఇంకా ఐదు సెకన్లు ఉందనగా ఆగింది. కంప్యూటరే ఆపేసింది. ఇంజను వెలిగే వరసలో ఏదో తేడా కనిపెట్టింది. అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ గారు తెర మీదకొచ్చి ఫలానా అని చెప్పి, చూసుకుని మళ్ళీ పంపుతాం అన్నారు, పదింటికల్లా పంపారు, గది పారాచూట్లతో సముద్రంలో పడింది, నేవీ వాళ్ళు తీసుకొచ్చారు. ఐదు సెకన్ల ముందు ఆగి, అదే పొద్దున పోవడం మామూలు విషయం కాదు.

ఆగాల్సిన చోట ఆగకపోతే ఏమవుతుందో కూడా శ్రీహరికోట చూసింది. 1979 ఆగస్టు 10, ఎస్ఎల్‌వీ-3 అనే రాకెట్ మొదటి ప్రయోగం. కంప్యూటరు హోల్డ్ అంది. పక్కనున్న నిపుణులు "ఏం పర్లేదు, ఇంధనం చాలినంత ఉంది" అన్నారు, ఆ ప్రాజెక్టు నడిపే కలాం గారు పంపేశారు. రెండో దశ అదుపు చేసే వ్యవస్థలో ఆమ్లం కారిపోయి ఉంది, ఐదు నిమిషాలకి మొత్తం బంగాళాఖాతంలో పడింది. ఇది ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఆ రోజు పత్రికలవాళ్ళ ముందుకు కలాం గారిని పంపకుండా అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ గారు తనే వెళ్ళి కూర్చుని బాధ్యత నాది అన్నారు. మరుసటేడు జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళినప్పుడు మాత్రం, నువ్వెళ్ళి మాట్లాడు అని కలాం గారిని పంపారు. ఇప్పుడు ఆ కేంద్రానికున్న పేరు ఆ ధావన్ గారిదే.

శ్రీహరికోట ఎందుకు అని ఎవరో చీటీ పంపారు. తూర్పున సముద్రం, భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి అటు వదిలితే ఆ ఊపు ఊరికే కలిసొస్తుంది, మన దగ్గర సెకనుకి దాదాపు 450 మీటర్లు. పడమర పులికాట్ సరస్సు అడ్డం, జనం తక్కువ. జనం తక్కువంటే లేరని కాదు, అక్కడ తరతరాలుగా యానాదులు ఉండేవాళ్ళు, షార్ కోసం, అంటే ఈ ప్రయోగ కేంద్రం కోసం, ఖాళీ చేయించారు, అది కూడా చరిత్రలో భాగమే, పోస్టర్ల మీద ఉండదు కాబట్టి నేను చెప్తున్నా. ఇంకో చిక్కు, ఉత్తర దక్షిణాలుగా తిరిగే ఉపగ్రహాలకి నేరుగా దక్షిణం పోవాలి, పోతే కింద శ్రీలంక. అందుకని పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా పోయి, తర్వాత పక్కకి తిరుగుతుంది, ఆ మలుపుకి ఇంధనం ఖర్చు. పెద్ద రాకెట్ తట్టుకుంటుంది, ఎస్ఎస్ఎల్‌వీ లాంటి చిన్నదానికి మోసే బరువులో బాగా కోత పడుతుంది. తూత్తుకుడి జిల్లాలో కులశేఖరపట్నం దగ్గర రెండో కేంద్రం కడుతున్నది అందుకే, అక్కణ్ణించి దక్షిణం అంతా నీళ్ళే. అంతమాత్రాన మనకి రాకెట్లు తగ్గిపోవు, శ్రీహరికోటలోనే మూడో ప్యాడ్‌కి 2025 జనవరిలో దాదాపు 4 వేల కోట్లు మంజూరు చేశారు. (జిల్లా మాత్రం 2022లో మన చేతిలోంచి తిరుపతికి పోయింది, రాకెట్ పొగ ఇంకా మన మిద్దెల మీదికే కనపడుతుంది, దాన్నెవరూ మార్చలేదు.)

రాబోయేవాటి సంగతి. తేదీలు నేను చెప్పను, ఇంతసేపూ చెప్పింది విన్నాక మీరు అడగరు కూడా. గగన్‌యాన్‌లో మనుషులు ఎక్కేముందు వ్యోమమిత్ర అనే బొమ్మమనిషితో ఖాళీ ప్రయాణాలు ఉంటాయి. మన హైదరాబాద్ కుర్రాళ్ళ స్కైరూట్ కంపెనీ, 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అని చిన్నది ఎగరేశారు, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే పెద్దది విక్రమ్-1. ఇవి ఫాలో అవ్వాలంటే చిట్కా చెప్తా: ప్రయోగానికి ముందు విమానాలకీ ఓడలకీ ఫలానా తేదీల్లో సముద్రం మీద ఇటు రావద్దని నోటీసులు ఇస్తారు, విమానాలకి ఇచ్చేవాటిని నోటామ్ అంటారు. మనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు వాటిల్లో గీసిన డబ్బాలు చూసి ఏ రాకెట్టో ఎటు పోతుందో ముందే పట్టేస్తారు. డబ్బా ఆగ్నేయంగా ఉంటే పీఎస్ఎల్‌వీ రకం ప్రయాణం, తూర్పుగా పొడుగ్గా ఉంటే పెద్ద రాకెట్లైన జీఎస్ఎల్‌వీనో ఎల్‌వీఎం3నో.

గ్యాలరీకి పోవాలంటే ప్రయోగానికి కొన్ని రోజుల ముందు షార్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ తెరుస్తారు, త్వరగా నిండిపోతుంది, ఆధార్ తీసుకెళ్ళండి, సూళ్ళూరుపేట దాకా రైలు ఉంది. పోలేనివాళ్ళు మిద్దె ఎక్కండి. నెల్లూరు నుంచి చూస్తే దాదాపు దక్షిణం, రవ్వంత తూర్పుకి. టీవీలో జీరో అనగానే చూస్తే ఏం కనపడదు, ఎనభై కిలోమీటర్ల దూరం, చెట్లూ ఇళ్ళూ దాటి పైకి రావాలి, పైగా ఫోనులో లైవ్ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. అర నిమిషం ఓపిక పట్టండి. నిమిషం దాటేసరికి చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలంత ఎత్తులో ఉంటుంది. పిడికిలి గుర్తుపెట్టుకోండి, పది డిగ్రీలు, దీంతో ఇంకా పనుంది. రెండు నిమిషాల దగ్గర తెల్ల పొగ హఠాత్తుగా ఆగిపోతుంది, అప్పుడు "అయ్యో పోయింది" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. పోలేదు, ఘన ఇంధనం అయిపోయి ద్రవ ఇంజను మీద నడుస్తా ఉంది, దానికి అంత పొగ రాదు. బైనాక్యులర్ ఉంటే ఆ టైములో పట్టుకోండి, విడిపోయిన ముక్కలు వెనకబడతా కనపడతాయి. శబ్దం కిలోమీటరుకి మూడు సెకన్లు, గ్యాలరీలో అయితే చూశాక కాసేపటికి గుండెల మీద తగులుతుంది, మన దాకా రావాలంటే నాలుగు నిమిషాలు, వచ్చినా లారీ అనుకుంటాం.

రాకెట్ లేని రోజుల్లో ఏం చూడాలి? టెలిస్కోప్ కొనాలా అని అడుగుతారు. 525 రెట్లు అని డబ్బా మీద రాసి మూడు వేలకి అమ్మేవి కొనకండి, స్టాండు వణుకుతుంది, పిల్లలకి ఆకాశం మీదే విరక్తి పుడుతుంది. 10 బై 50 బైనాక్యులర్ చాలు. మే నెల మధ్యలో, మిద్దె మీద నీళ్ళు చల్లుకుని పడుకునే రోజుల్లో, రాత్రి తొమ్మిది పది మధ్య ఉత్తరానికి తిరగండి. ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తులో ఉంటాడు, అదే మన ఊరి అక్షాంశం, 14 డిగ్రీల చిల్లర, కావాలంటే మ్యాపులో చూసుకోండి. పైన సప్తర్షులు. తోకలో మధ్యది వశిష్ఠుడు, ఆనుకుని అరుంధతి. పెళ్ళిలో పంతులు గారు మిట్టమధ్యాహ్నం పందిట్లోంచి చూపిస్తారు, మనం కనపడిందని తలూపుతాం [నవ్వులు], ఇప్పుడు నిజంగా చూడండి. చిన్న టెలిస్కోప్ ఉంటే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు.

అక్కణ్ణించి నెత్తి మీదుగా దక్షిణానికి ఒక గీత గీయండి. నెత్తి దాటి కాస్త అటువైపు తెల్లగా మెరిసేది చిత్త. అదే గీత వెంట ఇంకో మూడున్నర పిడికిళ్ళు దిగండి, కంటికి మసక చుక్కలా ఒకటుంటుంది, బైనాక్యులర్‌లో పెడితే దూది ఉండలా గుండ్రంగా కనపడుతుంది. ఒమేగా సెంటారీ. కోటి నక్షత్రాల గుంపు, దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరం. అరుంధతి, చిత్త, ఇది, మూడూ ఇంచుమించు ఒకే గీత మీద ఉండడం మన అదృష్టం, వెతుక్కునే పని లేదు. లండన్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఎప్పటికీ కనపడదు, హేలీ లాంటివాడు 1677లో సెయింట్ హెలీనా ద్వీపం దాకా ఓడలో పోయి చూసి రాసుకున్నాడు, మనకి మంచం మీద పడుకుంటే కనపడుతుంది. దానికి కుడిపక్క కిందగా త్రిశంకు, నాలుగు చుక్కల శిలువ ఆకారం, అది కూడా పిడికిలిన్నరే. ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన త్రిశంకు, ఇంచుమించు సమానమైన ఎత్తులో. ఊరి దీపాల్లో కష్టం, మైపాడు బీచి వైపు పోతే సముద్రం వైపు చీకటి బాగుంటుంది, నలుగురు కలిసి పోండి, చెప్పకుండా పోవద్దు.

ఉల్కల సంగతి ఒక్క మాట. ఇంటర్నెట్‌లో ఆగస్టు పెర్సీడ్స్ అని ఊదరగొడతారు, అది ఆ దేశాల వేసవి, మనకి మబ్బు. మనకి పనికొచ్చేవి జెమినిడ్స్, డిసెంబరు 13, 14 రాత్రులు. నవంబరు తుపాన్ల తర్వాత అప్పటికి కాస్త తెరిపిస్తుంది, ఇవ్వకపోతే అదీ వాయిదానే. అన్నిట్లో అస్సలు వాయిదా పడనిది ఒకటి రాసుకోండి, 2028 డిసెంబరు 31, సంపూర్ణ చంద్రగ్రహణం, రాత్రి పదిన్నర ప్రాంతంలో చంద్రుడు ఎర్రగా ఉంటాడు, అందరూ కొత్త సంవత్సరం కోసం ఎట్టాగూ మేలుకునే ఉంటారు.

ఏమ్మా, చెయ్యెత్తావు? ... రాకెట్ ఫోటో ఫోనులో వస్తుందా అంటావు. రాత్రి ప్రయోగమైతే వస్తుంది. ఫోనుని చేత్తో పట్టుకోవద్దు, స్టాండుకి బిగించి, అడ్డంగా పెట్టి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ బాగా తగ్గించి, షట్టర్ ముప్పై సెకన్లు పెట్టు. ఫ్రేములో సగం కన్నా పైన ఆకాశం ఖాళీగా ఉండాలి, కింద ఏదన్నా కొబ్బరిచెట్టో నీళ్ళ ట్యాంకో వచ్చేటట్టు చూసుకో. టైమరు పెట్టి నొక్కు, నీ వేలు తగిలినా కదులుతుంది. మొత్తం ఒక్క ఫోటోలో రాదు, ముప్పై సెకన్లవి వరసగా నాలుగు తీసి తర్వాత కలుపుకోవాలి. ముందు రోజు రాత్రి అదే చోట అదే టైముకి నిలబడి ఒకటి తీసి చూసుకో, వీధిలైటు ఎక్కడ కొడుతుందో అప్పుడే తెలుస్తుంది.